కొత్త అల్లాయ్స్ వేయించాక టైరు రాసుకుంటోందా? ముందు ఏం చూడాలి.. ఏది చేయించకూడదు?

కొత్త అల్లాయ్ వీల్స్ బిగించుకుని షాపు నుంచి బయటికి వచ్చిన వారంలోనే చాలామందికి ఎదురయ్యే సమస్య ఇది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ముందు చక్రం దగ్గర 'గర్‌ర్' మని రాపిడి. వెనక సీట్లో ముగ్గురు కూర్చున్నప్పుడు స్పీడ్ బ్రేకర్ దిగితే చక్రం పైన ఏదో గీసుకుపోయిన చప్పుడు. షాపుకి ఫోన్ చేస్తే వచ్చే జవాబు దాదాపు ఒకటే.. "కొత్త టైరు కదా సార్, నాలుగు రోజులు తిరిగితే సెట్ అయిపోతుంది."

సెట్ కాదు. నాలుగు రోజుల్లో అరిగిపోయేది టైరో, లోపలి ప్లాస్టిక్ లైనరో, లేదంటే బ్రేక్ గొట్టమో. చప్పుడు తగ్గిందంటే అడ్డుగా ఉన్నది అరిగిపోయిందని అర్థం.

ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. సిటీలో ఒక్కరే ఆఫీసుకు వెళ్లి వస్తున్నంత కాలం కొన్ని కార్లలో ఈ రాపిడి బయటపడదు. సంక్రాంతికి ఐదుగురు ఎక్కి, డిక్కీ నిండా సామాను పెట్టి విజయవాడ హైవే ఎక్కినప్పుడే వెనక భాగం కిందికి దిగుతుంది, టైరు పైనున్న రేకును తాకుతుంది. అంటే కారు నిండా కుటుంబం ఉండి, వంద స్పీడులో వెళ్తున్నప్పుడు సమస్య మొదలవుతుందన్నమాట. అందుకే దీన్ని అందం కోసం పెట్టుకున్న చక్రాల చిన్న గొడవగా తీసిపారేయడానికి లేదు.

అసలు ఎందుకు రాసుకుంటుంది?

కంపెనీ కారు తయారుచేసేటప్పుడు చక్రం చుట్టూ కొంత ఖాళీ వదులుతుంది. స్టీరింగ్ చివరిదాకా తిరిగినా, సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకుపోయినా టైరు దేనికీ తగలకుండా లెక్కగట్టిన ఖాళీ అది. మనం చక్రం మార్చినప్పుడు ఆ లెక్క మూడు రకాలుగా తప్పుతుంది. టైరు ఎత్తు పెరగవచ్చు, వెడల్పు పెరగవచ్చు, చక్రం కూర్చునే చోటు బయటికో లోపలికో జరగవచ్చు. షాపుల్లో మొదటి రెండింటి గురించి మాట్లాడతారు. మూడోదాని గురించి చాలా తక్కువగా చెబుతారు. ఎక్కువ కార్లలో రాపిడికి కారణం మాత్రం అదే.

ముందు టైరు మీద ఉన్న అంకెలు చదవడం తెలుసుకోవాలి. ఉదాహరణకు 185/65 ఆర్15 88హెచ్ అని ఉందనుకోండి. 185 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే టైరు పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం అని. 15 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో. 88 అనేది మోయగల బరువుకు గుర్తు, ఒక్కో టైరుకు 560 కిలోలు. హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం వరకు పనికొస్తుందని.

ఈ టైరు మొత్తం ఎత్తు లెక్క వేస్తే సుమారు 621 మి.మీ. వస్తుంది. ఇప్పుడు 195/55 ఆర్16 తీసుకోండి. రిమ్ము ఒక అంగుళం పెరిగింది, టైరు గోడ తగ్గింది, మొత్తం ఎత్తు మళ్లీ 621 దగ్గరే ఆగింది. మారుతి బాలెనోలో కింది వేరియంట్లకు మొదటి సైజు, పై వేరియంట్లకు రెండో సైజు కంపెనీయే ఇచ్చింది ఈ లెక్క మీదే. చక్రం పెద్దదిగా కనిపిస్తుంది కానీ టైరు ఎత్తు మారలేదు.

అదే 15 అంగుళాల రిమ్ము మీద 'గ్రిప్ బాగుంటుంది' అని 205/65 ఆర్15 ఎక్కిస్తే? ఎత్తు 647 మి.మీ. దాటుతుంది. అంటే టైరు పైభాగం ఫెండర్‌కు 13 మి.మీ. దగ్గరైంది, వెడల్పు 20 మి.మీ. పెరిగింది. చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో ఈ మాత్రం చాలు రాసుకోవడానికి. స్పీడోమీటర్ కూడా తప్పు చెప్పడం మొదలుపెడుతుంది. చక్రం ఒక్కో చుట్టుకు 4 శాతం ఎక్కువ దూరం వెళ్తుంది కాబట్టి, మునుపు 80 చూపించిన వేగంలో మీరు నిజంగా మరో 3 కిలోమీటర్లు ఎక్కువగా వెళ్తుంటారు. మొత్తం ఎత్తు పాతదానికి 3 శాతం లోపు తేడాలో ఉండాలన్నది టైర్ల వాళ్లు పాటించే లెక్క. రాపిడి కోణంలో చూస్తే ఒకటి, ఒకటిన్నర శాతం లోపు ఉంచుకోవడమే మేలు.

ఆఫ్‌సెట్.. షాపులో అడగాల్సిన మొదటి అంకె

అల్లాయ్ వెనక వైపు చూస్తే 'ఈటీ 45', 'ఈటీ 35' లాంటి అంకె పోత పోసి ఉంటుంది. దీన్నే ఆఫ్‌సెట్ అంటారు. చక్రం వెడల్పుకు సరిగ్గా మధ్యగీత నుంచి, అది హబ్‌కు ఆనుకునే ముఖం ఎన్ని మిల్లీమీటర్లు బయటికి ఉందో ఆ అంకె చెబుతుంది. అంకె తగ్గుతున్న కొద్దీ చక్రం కారు బయటికి జరుగుతుంది. పెరిగితే లోపలికి జరుగుతుంది.

మాటల్లో తికమకగా ఉంటే లెక్కలో చూద్దాం. కారుతో వచ్చింది 6 అంగుళాల వెడల్పు, ఈటీ 45 అనుకోండి. మీరు తీసుకున్నది 7 అంగుళాలు, ఈటీ 35. 6 అంగుళాలంటే 152 మి.మీ., అందులో సగం 76. దాని నుంచి 45 తీసేస్తే హబ్ నుంచి బయటి అంచుకు 31 మి.మీ. కొత్తదానికి సగం 89, అందులోంచి 35 తీసేస్తే 54. అంటే చక్రం బయటి అంచు 23 మి.మీ. బయటికి వచ్చేసింది. టైరు సైజు ఒక్క మిల్లీమీటరు కూడా మార్చకపోయినా, ఈ చక్రం స్టీరింగ్ తిప్పినప్పుడు పెద్ద వలయంలో తిరుగుతుంది, ముందు బంపర్ మూలకు, వెనక లైనర్‌కు తగులుతుంది. లోడు పడితే ఫెండర్ అంచు టైరు మీద కూర్చుంటుంది.

అదే 7 అంగుళాల చక్రాన్ని ఈటీ 42తో తీసుకుంటే బయటికి 16 మి.మీ. లోపే వస్తుంది, లోపలికి 10 మి.మీ. దాకా వెళ్తుంది. అక్కడ షాకబ్జార్బర్ ఎంత దూరంలో ఉందన్నది చూసుకోవాలి. అంటే 'పీసీడీ 4 బై 100 సరిపోయింది, బిగించేయొచ్చు' అనే మాటలో సగమే నిజం. స్విఫ్ట్‌కూ ఐ20కీ కూడా పీసీడీ అదే. బోల్టు రంధ్రాలు కుదిరినంత మాత్రాన చక్రం కుదిరినట్టు కాదు.

ఎక్కడ తగులుతోందో ముందు మీరే కనిపెట్టండి

పరిష్కారం అడిగే ముందు చోటు తెలియాలి. షాపుల్లో తరచూ జరిగేది దీనికి రివర్సు. ఎక్కడ తగులుతోందో చూడకుండానే స్పేసర్ వేస్తారు లేదా రేకు కోస్తారు.

కారును చదునైన చోట ఆపండి. స్టీరింగ్‌ను ఒకవైపు చివరిదాకా తిప్పి, దిగి, ఫోన్ టార్చ్‌తో చక్రం ముందు, వెనక, లోపలి వైపు చూడండి. నల్లటి ప్లాస్టిక్ లైనర్ మీద నిగనిగలాడే చార ఉంటే తగిలేది అక్కడే. రెండో వైపు తిప్పి మళ్లీ చూడండి. తర్వాత టైరు భుజం దగ్గర, పక్క గోడ మీద చెయ్యి పెట్టి తడమండి. చుట్టూరా ఒకే వరసలో నునుపుగానో, గాడి పడినట్టో ఉంటే రాపిడి ఖాయం.

కనిపించకపోతే సుద్దముక్క తీసుకుని టైరు భుజం మీద, లోపలి గోడ మీద దట్టంగా రాయండి. వెనక సీట్లో ముగ్గురిని కూర్చోబెట్టి, దగ్గరలోని స్పీడ్ బ్రేకర్ మీదుగా మెల్లగా రెండుసార్లు వెళ్లండి. యూ టర్న్ తిప్పండి. సుద్ద ఎక్కడ చెరిగిందో, ఎక్కడ అంటుకుందో చూస్తే చాలు. ఒంటరిగా నడిపి 'ఏమీ లేదు' అనుకోవద్దు. వెనక చక్రాల రాపిడి లోడు పడితేనే తెలుస్తుంది.

లోపలి వైపు మాత్రం చక్రం విప్పితేనే తెలుస్తుంది. జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి తల పెట్టొద్దు. ఈ పని లిఫ్టు ఉన్న అలైన్‌మెంట్ షాపులో చేయించండి. చక్రం తీసి అడగాల్సినవి.. షాకబ్జార్బర్ గొట్టానికి, స్ప్రింగ్ కూర్చునే పళ్లేనికి టైరుకు మధ్య ఎంత ఖాళీ ఉంది? బ్రేక్ గొట్టం, ఏబీఎస్ సెన్సర్ వైరు మీద రాపిడి గుర్తులు ఉన్నాయా? ఈ చివరిదానికి 'ఉంది' అనే జవాబు వస్తే ఆ చక్రాలతో ఇంటికి కూడా వెళ్లొద్దు. పాత చక్రాలు డిక్కీలో ఉంటే అక్కడికక్కడే మార్పించుకోండి.

కొన్నిసార్లు చప్పుడు రాపిడిది కాకపోవచ్చు. అల్లాయ్ మధ్య రంధ్రం కారు హబ్ కంటే పెద్దదైతే చక్రం హబ్ మీద కాకుండా నట్ల మీదే వేలాడుతుంది, 80 దాటాక స్టీరింగ్ వణుకుతుంది. స్విఫ్ట్, బాలెనో హబ్ 54.1 మి.మీ. అల్లాయ్‌లను చాలావరకు అనేక కార్లకు పనికొచ్చేలా పెద్ద రంధ్రంతో చేస్తారు. మధ్యలో హబ్ రింగు వేస్తే సరిపోతుంది. చవకైన వస్తువే, కానీ అడగకపోతే వేయరు. నట్ల విషయమూ అంతే. మారుతి నట్టు మర చుట్టు 1.25, హ్యుందాయ్‌ది 1.5. ఒకదాని నట్టు ఇంకోదానికి బలవంతంగా ఎక్కిస్తే బోల్టు మర పాడవుతుంది. హోండా కార్ల ఒరిజినల్ నట్ల అడుగు గుండ్రంగా ఉంటుంది. బయట దొరికే అల్లాయ్‌లకు సాధారణంగా కోను ఆకారం నట్లు కావాలి.

మరి ఎలా సరిచేయాలి?

తగిలే చోటును బట్టి జవాబు మారుతుంది.

ముందు లైనర్‌కు మాత్రమే, అదీ స్టీరింగ్ చివరలో కొద్దిగా తగులుతుంటే ముందుగా లైనర్ క్లిప్పులు చూడండి. వానాకాలం నీళ్లలో తిరిగిన కార్లలో రెండు మూడు క్లిప్పులు ఊడిపోయి లైనర్ టైరు మీదికి వాలి ఉంటుంది. కొత్త క్లిప్పులు వేస్తే సమస్య అక్కడితో ఆగిపోవచ్చు. క్లిప్పులు బాగుండి కూడా తగులుతుంటే, ఆ చోట హీట్ గన్‌తో వేడి చేసి లైనర్‌ను వెనక్కి నొక్కించవచ్చు. కోసేయమని మాత్రం చెప్పొద్దు. లైనర్ వెనకే వైరింగ్, వాషర్ ట్యాంకు, కొన్ని కార్లలో ఇంకా చాలా ఉంటాయి. రంధ్రం పడితే మన రోడ్ల బురద మొత్తం అటే పోతుంది.

వెనక ఫెండర్ అంచుకు తగిలితే షాపులో రెండు మాటలు వినిపిస్తాయి. 'రోల్ చేద్దాం' లేదా 'కోసేద్దాం'. రోలింగ్ అంటే ఫెండర్ లోపలికి మడతపెట్టిన రేకును ఇంకా పైకి వంచడం. వేడి చేసి, రోలర్ పెట్టి, ఓపికగా చేసేవాళ్లు చేస్తే కొన్ని మిల్లీమీటర్లు దొరుకుతాయి. చలి రేకు మీద సుత్తితో కొడితే పెయింట్ పగిలి, ఒక వానాకాలం తిరిగేసరికి తుప్పు మొదలవుతుంది. రెండో మాట, అంటే కోయడం, వద్దే వద్దు. చాలా కార్లలో వెనక చక్రం పైన బయటి రేకు, లోపలి రేకు కలిపి వెల్డింగ్ చేసేది ఆ అంచు దగ్గరే. దాన్ని గ్రైండర్‌తో కోస్తే అతుకు విడిపోతుంది, నీళ్లు లోపలికి దిగుతాయి, బాడీ బలం తగ్గుతుంది. కారు అమ్మేటప్పుడు చూసేవాళ్లు మొదట వేలు పెట్టి తడిమేదీ అక్కడే.

కారు పాతదైతే వెనక స్ప్రింగులు, షాకబ్జార్బర్లు కూడా ఒకసారి చూపించండి. ఏడెనిమిదేళ్లు తిరిగిన కారులో స్ప్రింగు కుంగి, నేరం కొత్త చక్రం మీద పడుతుంటుంది. కొత్త స్ప్రింగులతోనే రాపిడి పోయే సందర్భాలున్నాయి. స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు బఫర్ దూర్చి 'ఎత్తు పెరిగింది' అనేది మాత్రం చిట్కా మాత్రమే. సస్పెన్షన్ గట్టిపడి గుంతల దెబ్బ నేరుగా షాకబ్జార్బర్ మౌంటుకు తగులుతుంది.

లోపలి వైపు షాకబ్జార్బర్‌కు తగులుతుంటే స్పేసర్ ఒక దారి. హబ్‌కూ చక్రానికీ మధ్య పెట్టే అల్యూమినియం బిళ్ల అది. 3 నుంచి 5 మి.మీ. పలకతో లోపల ఖాళీ దొరుకుతుంది. అయితే అంతే మేర నట్టుకు మర తగ్గుతుంది. చేత్తో తిప్పి చూడండి. కంపెనీ చక్రానికి నట్టు ఎన్ని చుట్లు ఎక్కేదో దాదాపు అన్నే ఎక్కాలి. సగం చుట్లకే ఆగిపోతే ఆ స్పేసర్ వద్దు. బయటి వైపు తగులుతున్న కారుకు స్పేసర్ వేస్తే రాపిడి పెరుగుతుంది తప్ప తగ్గదు. చదువుతుంటే ఇది చెప్పాల్సిన పనేముంది అనిపించవచ్చు. కానీ చోటు చూడకుండా వైద్యం చేసే షాపుల్లో ఇది జరుగుతూనే ఉంది.

అలైన్‌మెంట్‌తో సరిపోతుందా అని చాలామంది అడుగుతారు. చక్రం పైభాగాన్ని లోపలికి వంచే క్యాంబర్ కోణాన్ని మార్చడానికి మన చిన్న కార్లలో చాలావాటికి ముందు వైపు కంపెనీ ఇచ్చిన సర్దుబాటే ఉండదు. వెనక ఉన్నది ఒకే దూలం లాంటి బీమ్ కాబట్టి అక్కడా ఉండదు. చక్రాలు మార్చాక అలైన్‌మెంట్ చేయించుకోవడం మంచిదే, టైరు సమంగా అరుగుతుంది. రాపిడికి మాత్రం అది మందు కాదు.

ఇక టైరు మార్చడం. మా అభిప్రాయంలో ఎక్కువమందికి ఇదే సరైన దారి, జేబుకు నొప్పే అయినా. 16 అంగుళాల అల్లాయ్ మీద 205/55 వేయించుకుని రాసుకుంటుంటే, రిమ్ము ఉంచి 195/55కి దిగండి. ఎత్తు 11 మి.మీ., వెడల్పు 10 మి.మీ. తగ్గుతుంది. రిమ్ము వెడల్పు ఆ టైరుకు సరిపోవాలి. 195/55 ఆర్16కు ఐదున్నర నుంచి 7 అంగుళాల వరకు పనికొస్తుంది. అంతకంటే వెడల్పు రిమ్ము మీద టైరును సాగదీసి ఎక్కిస్తే గుంతలో పడ్డప్పుడు గాలి జారిపోయే ప్రమాదం ఉంది. టైరు మోసే బరువు గుర్తు మాత్రం మీ కారుకు కంపెనీ చెప్పినదానికి తగ్గకూడదు. డ్రైవర్ తలుపు తీస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది. అందులో సైజు, గాలి ఒత్తిడి ఉంటాయి. మీ మోడల్ పై వేరియంట్‌కు కంపెనీ ఏ సైజు ఇస్తోందో ఓనర్స్ మాన్యువల్‌లో దొరుకుతుంది. ఆ సైజు దాటకపోతే తొంభై పాళ్లు ఈ గొడవే రాదు.

ఏ మార్పు చేయించినా 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక నట్లను టార్క్ రెంచ్‌తో మళ్లీ బిగించమనండి. ఎంత బిగువో మాన్యువల్‌లో రాసి ఉంటుంది. గాలి తుపాకీతో ఒక్కసారి 'టర్‌ర్' మనిపిస్తే పని అయిపోయినట్టు కాదు.

ఇప్పటికే రాసుకున్న టైరు వాడొచ్చా?

భుజం మీద రబ్బరు పైపైన గీసుకుపోతే, రాపిడి ఆపేశాక వాడుకోవచ్చు. పక్క గోడ మీద గాడి పడితే అంత తేలిగ్గా తీసుకోవడానికి లేదు. టైరులో అన్నిటికంటే పల్చటి చోటు అదే. లోపలి దారాలు కనిపించినా, ఎక్కడైనా బుడిపె లేచినా ఆ టైరు పని అయిపోయింది. దానికి ప్యాచ్ లేదు, మరమ్మతు లేదు. హైవే ఎండలో, నిండు లోడుతో అలాంటి టైరు పేలితే స్టీరింగ్ చేతిలో ఉండదు. లోపలి గోడ మామూలుగా మన కంటికి కనిపించదు కాబట్టి, రాపిడి జరిగిన కారులో చక్రం విప్పి చూడకుండా టైరు బాగుందని చెప్పేవారి మాట నమ్మొద్దు. అరుగుదలకు చట్టం పెట్టిన హద్దు కూడా ఉంది. కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం కారు టైరు గాడి లోతు 1.6 మి.మీ. కంటే తగ్గకూడదు.

పోలీసులు, ఆర్టీఏ ఏమంటారు?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ చెప్పిన వివరాలకు తేడా వచ్చేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. వాహనం మౌలిక స్వరూపం మారేలా నిర్మాణంలో చేసే మార్పునే ఆ సెక్షన్ మార్పుగా చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ నమూనాకు విరుద్ధంగా మార్పులు కుదరవని తీర్పు ఇచ్చింది. అదే ఏడాది వచ్చిన సవరణతో సెక్షన్ 182ఏ చేరింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ విధించవచ్చు.

అయితే అల్లాయ్ వేయించుకున్న ప్రతివారికీ చలానా పడుతుందా? సెక్షన్ 52లో అల్లాయ్ అనే మాటే లేదు. మీ మోడల్‌కు కంపెనీయే ఇచ్చే సైజులో, ఫెండర్ లోపలే ఉండే చక్రాన్ని మౌలిక మార్పు అనడం కష్టం. ఫెండర్ దాటి బయటికి పొడుచుకొచ్చిన టైర్లు, కోసేసిన రేకు, కిందికి దించిన సస్పెన్షన్.. వీటికి ఆ వాదన నిలవదు. సొంత కారుకు 15 ఏళ్లు నిండి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు వెళ్లినప్పుడు తనిఖీలో ఇవే ముందు కంటపడతాయి. క్యాబ్ నడిపేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. రవాణా వాహనాల రిజిస్ట్రేషన్ దరఖాస్తులో టైర్ల సంఖ్య, సైజు కూడా రాస్తారు. ఫిట్‌నెస్ పరీక్షలో తేడా వస్తే బండి ఆగిపోతుంది, ఆ రోజు సంపాదనా ఆగిపోతుంది.

కొనే ముందు ఐఎస్ఐ గుర్తు చూసుకోండి. కారు టైర్లకు అది తప్పనిసరి. అల్లాయ్ రిమ్ములకు ఐఎస్ 16192 అనే ప్రమాణం ఉంది. పేరున్న బ్రాండు డిజైన్‌కు నకలు అంటూ అమ్మేవాటి మీద ఆ గుర్తు ఉందో లేదో వెతకండి. గుంతలో పడి రిమ్ము చిట్లిందా, వంగిందా అన్న తేడా అక్కడే వస్తుంది.

బీమా వస్తుందా?

ఒరిజినల్‌గా రాని అల్లాయ్‌లు బీమా లెక్కలో యాక్సెసరీల కిందికి వస్తాయి. బిల్లు పంపి, పాలసీలో చేర్పించుకుంటేనే వాటి విలువకు రక్షణ. చెప్పకపోతే దొంగతనం జరిగినా, ప్రమాదంలో విరిగినా ఆ మొత్తం అడిగే హక్కు బలహీనపడుతుంది. ప్రమాదానికి చక్రాల మార్పే కారణమని సర్వేయర్ రాస్తే మొత్తం క్లెయిమే చిక్కుల్లో పడవచ్చు.

టైర్ల విషయంలో ఇంకో మెలిక ఉంది. సాధారణ సమగ్ర పాలసీలో టైరు ఒక్కటే పాడైతే డబ్బు రాదు. అదే ప్రమాదంలో వాహనానికీ నష్టం జరిగితేనే, అదీ కొత్త టైరు ధరలో 50 శాతం వరకే ఇస్తారు. రాపిడితో అరిగినది అరుగుదల కిందే లెక్క, దానికి అసలే రాదు. కంపెనీ వారంటీ సంగతి కూడా ఇలాంటిదే. హబ్ బేరింగు, షాకబ్జార్బర్ పాడైతే, మారిన చక్రాలు చూసి సర్వీస్ సెంటర్ ఆ భాగానికి వారంటీ నిరాకరించవచ్చు.

క్లెయిమ్ అన్యాయంగా తిరస్కరించారనిపిస్తే ముందు బీమా కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా ఇవ్వండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ దాని పరిధిలోకే వస్తాయి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. బీమా నియంత్రణ సంస్థ నంబరు 155255.

షాపు వాళ్లు వెనక్కి తీసుకోమంటే?

'మీ కారుకు సరిపోతాయి' అని చెప్పి అమ్మిన చక్రాలు రాసుకుంటుంటే ఆ బాధ్యత అమ్మినవాళ్లదే. దాన్ని నిరూపించడానికి మీ దగ్గర కాగితం ఉండాలి. రాణీగంజ్‌లోనైనా, విజయవాడ ఆటోనగర్‌లోనైనా నగదు ఇచ్చి చీటీ మీద మొత్తం రాయించుకుని వచ్చేస్తే తర్వాత మాట్లాడటానికి ఏమీ మిగలదు. బిల్లులో కారు మోడల్, వేరియంట్, రిమ్ము సైజు, వెడల్పు, ఈటీ అంకె, టైరు సైజు రాయించుకోండి. పాత చక్రాలు ఎక్స్‌ఛేంజ్ ఇచ్చేయకండి, కనీసం నెల రోజులు. డబ్బు కట్టే ముందు ఒక్క ముందు చక్రం, ఒక్క వెనక చక్రం బిగించి, స్టీరింగ్ రెండు వైపులా తిప్పి, నలుగురిని ఎక్కించి చూపించమనండి. దానికి ఒప్పుకోని షాపులో కొనాల్సిన అవసరం లేదు.

వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోవడానికి నిరాకరించడం కూడా అదే కిందికి వస్తుంది. కాబట్టి రాపిడి కనిపించిన రోజే ఫొటోలు, వీడియో తీసి వాట్సాప్‌లో షాపుకు పంపండి. ఫోన్‌లో గొడవపడటం కన్నా తేదీతో సహా ఉన్న ఒక్క మెసేజ్ ఎక్కువ పనిచేస్తుంది. మరో షాపులో లేదా కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చూపించి, ఎక్కడ తగులుతోందో జాబ్ కార్డు మీద రాయించుకోండి.

అయినా కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడవచ్చు. చాలా గొడవలు ఈ దశలోనే రాజీకి వస్తాయి. రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే కేసు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. సమస్య తలెత్తిన రోజు నుంచి రెండేళ్ల లోపు వేయాలి. బిల్లు, ఫొటోలు, మెసేజ్‌లు, జాబ్ కార్డు జతచేయండి. తీసేసిన టైర్లను కేసు తేలేదాకా పాత సామాను వాడికి ఇచ్చేయకుండా దాచిపెట్టండి.